పాఠానికి ఒకే చిరునామా చాలుతుందా?

మీ ఇంటికి వచ్చిన ఉత్తరమో, బ్యాంకు కవరో ఒకటి తీసి చూడండి. చిరునామా చివర ఆరు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అదే పిన్‌కోడ్. మన దేశంలో దీనిని 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టారు.

విజయవాడకు చెందిన 520001 అనే సంఖ్యను తీసుకుందాం. మొదటి అంకె 5. దేశాన్ని తపాలా శాఖ కొన్ని జోన్లుగా విభజించింది; అందులో ఇది ఏ జోనో ఆ అంకె చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఈ జోన్‌లోకి వస్తాయి. మొదటి మూడు అంకెలు కలిపి చదివితే ఉత్తరాలను వేరుచేసే జిల్లా తెలుస్తుంది. చివరి మూడు అంకెలు ఉత్తరాన్ని బట్వాడా చేసే పోస్టాఫీసును తెలుపుతాయి. ఉత్తరం గౌహతిలో బయలుదేరినా, అహమ్మదాబాదులో బయలుదేరినా, దారిలో ఎవ్వరూ దేశంలోని పోస్టాఫీసుల జాబితా అంతా వెతకనక్కరలేదు. ముందు జోన్, తరువాత జిల్లా, తరువాత పోస్టాఫీసు. ఒక్కొక్క అడుగులో అక్కరలేనిదంతా పక్కకు పోతుంది.

ఇలాంటి అమరికను చెట్టు అమరిక అంటారు. మొదలు ఒకటే. దానికి కొన్ని కొమ్మలు. ఒక్కొక్క కొమ్మకు కొన్ని రెమ్మలు. రెమ్మల చివర ఆకులు. ఒక్కొక్క ఆకును చేరడానికి ఒకటే దారి. దీని బలం ఎంతటిదో చిన్న లెక్క వేసి చూడండి. మొదలుకు 10 కొమ్మలు, కొమ్మకు 10 రెమ్మలు, రెమ్మకు 10 ఆకులు అనుకుందాం. ఆకులు మొత్తం 1,000. కాని కావలసిన ఆకును చేరడానికి మూడు నిర్ణయాలు చాలు. ఇంకొక్క అంతస్తు పెంచితే ఆకులు 10,000 అవుతాయి. నిర్ణయాలు మాత్రం నాలుగే!

మీ పాఠ్యపుస్తకంలోని విషయసూచిక ఒక చెట్టు. కంప్యూటర్‌లో ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే అదీ చెట్టే. ఈ రోజుల్లో విద్యార్థులు ఫోనులోనూ, కంప్యూటర్‌లోనూ వాడుతున్న చదువుల సాఫ్ట్‌వేర్లలో కూడా పాఠాలను ఇలాగే అమరుస్తున్నారు. తరగతి, దాని కింద సబ్జెక్టు, దాని కింద పాఠం, దాని కింద అంశం, దాని కింద ప్రశ్నలు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. అది మంచిదా, కాదా అన్నదే నేను మీతో మాట్లాడదలచుకున్న విషయం.

ఒక అందమైన చెట్టు

మా వీధిలో పదో తరగతి చదివే ఒక అబ్బాయి ఉండేవాడు. ఒకనాడు సాయంత్రం ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. “మాస్టారూ, చూడండి. ఏడాది పాఠాలన్నీ ఇందులో ఉన్నాయి” అన్నాడు. ఒక యాప్‌లో ఎవరో తయారుచేసి ఉంచిన చెట్టును దించుకున్నాడు. ఐదు అంతస్తులు. ఏ కొమ్మ నొక్కినా కింద రెమ్మలు విచ్చుకునేవి. పూర్తయిన ప్రతి రెమ్మ పక్కన పచ్చటి గుర్తు. దాదాపు చెట్టంతా పచ్చగానే ఉంది. నేను సంతోషించి వాణ్ణి మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలులో తొందరపాటు ఉందని నాకు తరువాత తెలిసింది.

ప్రీఫైనల్ పరీక్షలయ్యాయి. అబ్బాయి ముఖం చిన్నబోయింది. భౌతికశాస్త్రంలో అనుకున్నదానిలో సగం మార్కులు కూడా రాలేదు. “అన్నీ వచ్చినవే మాస్టారూ. కాని ప్రశ్న చూస్తే ఏది రాయాలో తోచలేదు” అన్నాడు.

నేను ఫోను తీసుకొని “విద్యుత్తు” కొమ్మ కింద “సమాంతర సంధానం” రెమ్మలోని ప్రశ్నలు అడిగాను. ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. ఫోను పక్కన పెట్టి, “ఏరా, మీ ఇంట్లో వంటగదిలో లైటు తీసేస్తే ముందుగదిలో లైటు ఆరిపోదేం?” అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించాడు. “వేరే స్విచ్చు కదండీ” అన్నాడు. స్విచ్చు వేరు కావడం ఒక్కటే చాలదు. ఆ దీపాలను సమాంతరంగా కలిపారు; ఒక్కొక్క దీపానికీ విద్యుత్తు విడి దారిలో వెళుతుంది; కాబట్టి ఒక దారి తెగినా రెండోది నడుస్తుంది. ఇదంతా వాడికి తెలిసినదే! ఐదు నిమిషాల కిందట నాకు నిర్వచనంతో సహా అప్పజెప్పినదే!

మరి లోపం ఎక్కడ ఉంది? ఆలోచించగా నాకు తోచినది ఇది. వాడు ఏ ప్రశ్నను చూసినా, దానికి ముందే కొమ్మ పేరును చూసేవాడు. “సమాంతర సంధానం” అన్న రెమ్మను నొక్కినాక వచ్చే ప్రశ్నకు జవాబు సమాంతర సంధానం గురించి కాక ఇంకేముంటుంది? సగం జవాబు కొమ్మ పేరే అందించేది. ఇది ఏ పాఠానికి చెందిన ప్రశ్న అని గుర్తుపట్టే పని వాడు ఏడాది పొడుగునా ఒక్కసారైనా చేయలేదు. చెట్టు వాడి తరఫున చేసిపెట్టింది. పరీక్షలో చెట్టు లేదు. వంటగదిలోనూ లేదు.

చెట్టు తప్పా?

ఐతే చెట్టు వద్దని నేను చెబుతున్నానా? కాదు. చెట్టు వలన జ్ఞాపకశక్తికి ఎంత మేలు జరుగుతుందో చూపే ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గోర్డన్ బోవర్, ఆయన సహచరులు 1969లో దాని ఫలితాలను ప్రకటించారు.

వారు 112 పదాలను నాలుగు పటాలుగా తయారుచేశారు. ఒక పటంలో ఖనిజాల చెట్టు. పైన “ఖనిజాలు”. దాని కింద “లోహాలు”, “రాళ్లు”. లోహాల కింద అరుదైనవి, సాధారణమైనవి, మిశ్రమాలు. అరుదైన లోహాల కింద ప్లాటినం, వెండి, బంగారం. ఇలా ప్రతి పదం తన తావులో ఉంది. ఒక గుంపుకు ఈ పటాలను కొద్దిసేపు చూపించి, గుర్తున్న పదాలు చెప్పమన్నారు. మొదటి విడతలోనే సగటున 73 పదాలు చెప్పగలిగారు. మూడో విడతకు 112 పదాలూ వచ్చేశాయి.

రెండో గుంపుకు అవే 112 పదాలు చూపించారు. వారు మొదటి విడతలో చెప్పగలిగింది సగటున 21 మాత్రమే. మూడో విడతకు కూడా 53 దాటలేదు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. రెండో గుంపుకు చూపించిన పటాలు కూడా చెట్టు ఆకారంలోనే ఉన్నాయి! గీతలు అవే, అంతస్తులు అవే. కాని పదాలను కలగాపులగం చేసి ఆ తావుల్లో ఉంచారు. అంటే మేలు చేసింది చెట్టు బొమ్మ కాదు. “ఇది దీని కింద ఎందుకు ఉంది?” అన్న ప్రశ్నకు జవాబు దొరకడమే మేలు చేసింది. వెండి అరుదైన లోహం కాబట్టి అక్కడ ఉంది. ఆ “కాబట్టి” దొరకని చోట చెట్టు ఉన్నా లేనట్టే.

ఇప్పుడు మా వీధి అబ్బాయి సంగతి మళ్లీ చూడండి. వాడి చెట్టులో కారణాలు ఉన్నాయి. కాని అవి ఆ చెట్టును కట్టిన వారి బుర్రలో ఉన్నాయి. వాడికి అందినది గీతలు, అంతస్తులు, పచ్చటి గుర్తులు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చదువుల చెట్టును దించుకోకూడదు, నాటుకోవాలి. కొమ్మ ఎక్కడ వెయ్యాలన్న నిర్ణయం విద్యార్థిదే కావాలి. ఆ నిర్ణయంలోనే చదువు ఉంది.

లిన్నేయస్ మార్చిన కొమ్మ

“మేము వేస్తే తప్పులు పోతాయి కదా?” అని మీరు అడగవచ్చు. పోతాయి. పోనివ్వండి. పెద్దవారికీ పోయాయి.

జీవులను వర్గీకరించడంలో పేరు పొందిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన “సిస్టమా నేచురే” గ్రంథాన్ని 1735లో మొదటిసారి ప్రచురించాడు. అందులో తిమింగలాన్ని చేపల కొమ్మమీద ఉంచాడు. నీటిలో ఈదుతుంది, తెడ్డువంటి అవయవాలు ఉన్నాయి. చేప అనుకోవడంలో వింత లేదు. కాని తిమింగలానికి వేడి రక్తం ఉంది. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. పిల్లలను కని పాలిస్తుంది. 1758లో వచ్చిన పదో ముద్రణలో లిన్నేయస్ దానిని తీసి క్షీరదాల కొమ్మకు మార్చాడు. అంటే 23 ఏళ్ల తరువాత తన చెట్టును తానే సరిచేసుకున్నాడు.

పుట్టగొడుగుల కథ ఇంకా పొడుగు. ఎంతోకాలం వాటిని మొక్కల్లోనే లెక్కవేశారు. అవి కదలవు, నేలమీద మొలుస్తాయి. కాని వాటిలో పత్రహరితం లేదు, తమ ఆహారాన్ని తాము తయారుచేసుకోలేవు. 1969లో విట్టేకర్ ప్రతిపాదించిన ఐదు రాజ్యాల వర్గీకరణలో శిలీంధ్రాలు విడిగా ఒక రాజ్యమయ్యాయి.

చూశారా? కొమ్మ మారిన ప్రతిసారీ జీవుల గురించి మనకు తెలిసినది పెరిగింది. “తిమింగలం క్షీరదం” అన్న వాక్యాన్ని బట్టీపట్టినవాడి కంటే, దానిని ముందు చేపల్లో పెట్టి, పాలిచ్చే సంగతి తెలిసి నాలుక కరచుకొని, కొమ్మ మార్చినవాడికి ఆ విషయం బాగా గుర్తుంటుంది. సిద్ధంగా దొరికే చెట్టులో ఈ అవకాశం లేదు. అందులో తిమింగలం మొదటి రోజునుంచే సరైన చోట ఉంటుంది. మీరు దాన్ని చూసి తల ఊపి ముందుకు పోతారు.

రెండు చిరునామాల పాఠాలు

ఇక రెండో చిక్కు. పిన్‌కోడ్ పద్ధతి చక్కగా నడవడానికి కారణం, ఏ ఇంటికైనా చిరునామా ఒకటే కావడం. ఒకే ఇల్లు ఒకేసారి విజయవాడలోనూ, వరంగల్లులోనూ ఉండదు. కాని పాఠాలు అలా కావు.

ఒక ఉదాహరణ చెబుతాను. మే నెలలో రెంటచింతల నిప్పుల కొలిమిలా ఉంటుంది. అదే రోజు విశాఖపట్నంలో ఉక్కపోత ఉన్నా ఎండవేడి అంత ఉండదు. మధ్యాహ్నం సముద్రంమీది నుంచి గాలి వీస్తుంది. సముద్రపు గాలి గురించి మీరు ఏ పుస్తకంలో చదివారు? సాంఘికశాస్త్రంలో, భూగోళం పాఠంలో. మరి ఆ గాలి ఎందుకు వీస్తుంది? ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడిచేయడానికి ఒక కేలరీ ఉష్ణం కావాలి. అంతే ఇసుకకు దాదాపు 0.2 కేలరీ చాలు. కాబట్టి ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నేలమీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ చోటులోకి సముద్రంమీది చల్లగాలి వస్తుంది. ఇది విశిష్టోష్ణం, భౌతికశాస్త్రం పాఠం.

చెట్టులో సముద్రపు గాలిని ఎక్కడ పెడతారు? సాంఘికం కొమ్మలో పెడితే భౌతికశాస్త్రం చదివేనాడు అది కనపడదు. భౌతికంలో పెడితే భూగోళం చదివేనాడు కనపడదు. మనలో చాలామంది ఈ రెండు పాఠాలనూ చదివి, రెండింటిలోనూ మార్కులు తెచ్చుకొని, రెండూ ఒకటే అని తెలియకుండానే బడి విడిచిపెట్టినవాళ్లం.

మరొకటి చూడండి. మూలకాలను చెట్టుగా అమరుస్తామనుకోండి. సోడియంను క్షారలోహాల కొమ్మమీద పెడతాం. లిథియం, పొటాషియం దాని పక్కన చేరతాయి. బాగానే ఉంది. కాని సోడియం మూడో పీరియడ్‌లో కూడా ఉంది. అక్కడ దాని పొరుగు మెగ్నీషియం, ఆ పక్కన అల్యూమినియం. నిలువునా ఒక చుట్టరికం, అడ్డంగా ఒక చుట్టరికం. చెట్టులో నిలువు చుట్టరికం దక్కితే అడ్డం చుట్టరికం తెగిపోతుంది. అందుకే ఇప్పుడు తెలిసిన 118 మూలకాలను శాస్త్రవేత్తలు చెట్టుగా కాక పట్టికగా అమర్చారు: 18 గ్రూపులు, 7 పీరియడ్‌లు. అమరిక మన ఇష్టాన్నిబట్టి కాక, వస్తువు స్వభావాన్నిబట్టి ఉండాలనడానికి ఆవర్తన పట్టిక మంచి సాక్ష్యం.

సాఫ్ట్‌వేర్ చేసినవారికి ఈ సంగతి తెలియదా?

తెలుసు. పోలండ్‌లోని పోజ్నాన్ నగరంలో విద్యార్థిగా ఉన్న పియోటర్ వోజ్నియాక్ 1987లో సూపర్‌మెమో అనే ప్రోగ్రాము రాశాడు. చదివినది మరచిపోబోయే సమయానికి ప్రశ్నను మళ్లీ ముందుకు తేవడం దాని పని. అందులోనూ తరువాతి కాలంలో విజ్ఞానాన్ని చెట్టుగా అమర్చుకునే ఏర్పాటు వచ్చింది. 2006లో డేమియన్ ఎల్మ్స్ విడుదల చేసిన ఆంకీ కూడా ఇదే బాటలోది. కంప్యూటర్‌మీద, ఆండ్రాయిడ్ ఫోన్‌మీద అది ఉచితంగా దొరుకుతుంది కాబట్టి విద్యార్థులు విరివిగా వాడుతున్నారు.

ఆంకీలో ప్రశ్న-జవాబు కార్డులను “డెక్” అనే కట్టలో ఉంచుతారు. డెక్ పేరులో రెండు కోలన్లు పెట్టి ఇంకో పేరు రాస్తే దాని కింద ఉప-డెక్ ఏర్పడుతుంది. ఇలా ఎన్ని అంతస్తులైనా వెయ్యవచ్చు. ఒక కార్డు ఒక సమయంలో ఒకే డెక్‌లో ఉంటుంది, పిన్‌కోడ్ లాగా. కాని అందులోనే “ట్యాగ్” అనే ఏర్పాటు కూడా ఉంది. ట్యాగ్ అంటే కార్డుకు కట్టే చీటీ. ఒక కార్డుకు ఎన్ని చీటీలైనా కట్టవచ్చు. సముద్రపు గాలి కార్డుకు “భూగోళం” అని ఒకటి, “ఉష్ణం” అని ఒకటి, “నీరు” అని ఒకటి. మరి ఇంకేం కావాలి?

విచిత్రమేమంటే, డెక్‌లు మరీ ఎక్కువ చేసుకోవద్దని, వాటిని విశాలమైన విభాగాలకే వాడమని ఆంకీ వాడకం పుస్తకమే చెబుతుంది. వినేవారు తక్కువ. కొమ్మలు వెయ్యడం సరదా పని. రంగులు వెయ్యవచ్చు, పేర్లు పెట్టవచ్చు, సాయంత్రమంతా గడిపి “ఎంతో చదివాను” అనుకోవచ్చు. బీరువా సర్దుకోవడం, బట్టలు ఉతకడం ఒకటి కాదు కదా!

కలిపి చదివితే గందరగోళం కాదా?

ఇది మంచి ప్రశ్న. ఒక పాఠాన్ని పూర్తిగా చేసి, తరువాత ఇంకో పాఠానికి పోవడమే పద్ధతి అని మన పెద్దలు చెబుతారు. కొత్తగా నేర్చుకునేటప్పుడు అది నిజమే. సమాంతర సంధానం అంటే ఏమిటో తెలియనివాడికి పది పాఠాల ప్రశ్నలు కలిపి ఇస్తే ఏం చేస్తాడు? కాని నేర్చుకున్న తరువాత చేసే సాధన సంగతి వేరు.

అమెరికాలో రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రకటించిన ఒక ప్రయోగం చూడండి. కళాశాల విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక గుంపు ఒక్కొక్క ఆకృతి లెక్కలన్నీ ఒకచోట చేసింది. రెండో గుంపు నాలుగు రకాల లెక్కలూ కలగలిపి చేసింది. సాధన జరుగుతున్నప్పుడు మొదటి గుంపు 89 శాతం లెక్కలు సరిగా చేసింది. రెండో గుంపు 60 శాతమే. అప్పుడు చూసినవారు ఎవరైనా మొదటి పద్ధతే మేలంటారు. కాని వారం తరువాత పరీక్ష పెట్టారు. మొదటి గుంపుకు 20 శాతం వచ్చింది. కలగలిపి చేసిన గుంపుకు 63 శాతం!

ఎందుకిలా జరిగింది? మొదటి గుంపుకు ఏ సూత్రం వాడాలో ముందే తెలుసు. అంకెలు వెయ్యడమే పని. రెండో గుంపు ప్రతి లెక్కకూ “ఇది ఏ ఆకృతి? ఏ సూత్రం?” అని తేల్చుకోవలసి వచ్చింది. మా వీధి అబ్బాయి ఏడాదంతా చేయని పని అదే. ఆ 89 శాతం, వాడి ఫోనులోని పచ్చటి గుర్తులు ఒకటే జాతివి. సాధనలో సుఖంగా ఉన్నదంతా నేర్చుకున్నట్టు కాదు.

కాబట్టి చెట్టు దాచుకోవడానికి, వెతుక్కోవడానికి, మొత్తం విషయాన్ని ఒక్క చూపులో చూడడానికి. సాధన చేసేటప్పుడు ఆకులు దులిపి కలపాలి.

మీరు చేయవలసినది

యాప్‌లు తయారుచేసేవారూ, కొందరు ఉపాధ్యాయులూ నాతో ఏకీభవించకపోవచ్చు. “పిల్లలకు తీరిక ఎక్కడిది? సిద్ధంగా ఇస్తే కాలం కలిసివస్తుంది” అంటారు. తీరిక లేదన్న మాట నిజమే. అందుకే నేను చెప్పేది కాలం తినే పని కాదు. చేసి చూడండి.

ఒక పాఠం పూర్తయిన రోజున పుస్తకం మూసి, ఒక తెల్లకాగితంమీద ఆ పాఠాన్ని చెట్టుగా గీయండి. పది నిమిషాలు చాలు. మూడు అంతస్తులు దాటవద్దు. తరువాత పుస్తకం తెరిచి, లేదా ఎవరో చేసిన సిద్ధమైన చెట్టును తెరిచి పోల్చిచూడండి. సిద్ధమైన చెట్టుకు నేను శత్రువును కాను. లెక్క చేశాక వెనక పేజీలో జవాబు చూసుకున్నట్టు దానిని చూసుకోవాలి. లెక్క చేయకముందే చూస్తేనే నష్టం.

ప్రతి కొమ్మ దగ్గర ఒక్క ప్రశ్న వేసుకోండి: “ఇది దీని కింద ఎందుకుంది?” జవాబు “కాబట్టి”తో ముగియాలి. జవాబు రాకపోతే ఆ కొమ్మ కింద ఒక గీత గీసి, మరునాడు మీ మాస్టారిని అడగండి.

ఎక్కడా ఇమడని ఆకులు కొన్ని మిగులుతాయి. వాటిని బలవంతంగా ఏదో ఒక కొమ్మకు అతికించకండి. పక్కన విడిగా రాసుకోండి. సముద్రపు గాలి వంటివన్నీ అక్కడే దొరుకుతాయి. రెండు పాఠాలు కలిసే చోటు అదే. నన్నడిగితే మీ కాగితంలో అన్నింటికంటె విలువైన మూల అది.

ఇక సాఫ్ట్‌వేర్ వాడేవారు సబ్జెక్టుకు ఒక్క డెక్ పెట్టుకోండి. మిగతా పేర్లన్నీ చీటీలుగా కట్టండి. సాధన సమయంలో కార్డులు పాఠాల వరుసలో కాక కలగలిసి వచ్చేటట్టు అమరిక మార్చుకోండి. కార్డుమీద పాఠం పేరు రాయకండి.

ఫోను లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. అట్టముక్కలు, ఒక చెప్పుల డబ్బా ఉంటే చాలు. ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు. ఆదివారంనాడు ముక్కలన్నీ పేకముక్కల్లా కలిపి, పైనుంచి ఒక్కొక్కటీ తీయండి. ప్రశ్న చదవగానే ముందు “ఇది ఏ పాఠం?” అని చెప్పి, ఆ తరువాతే జవాబు చెప్పండి. యంత్రం చేసే పనిలో ముఖ్యమైన భాగం మీ డబ్బా కూడా చేస్తుంది.

మా వీధి అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. పబ్లిక్ పరీక్షలకు అప్పటికి ఐదు వారాలు ఉంది. వాడు పాత చెట్టును తీసివేయడానికి ఒప్పుకోలేదు. ఏడాది కష్టం కదా, నేనూ బలవంతపెట్టలేదు. రోజుకొక పాఠం కాగితంమీద గీయడం మొదలుపెట్టాడు. మొదటి చెట్లు వంకరటింకరగా ఉండేవి. నాలుగో రోజున పరుగెత్తుకొచ్చి, “మాస్టారూ, ఇంట్లో ఫ్యూజు పోతే అన్ని లైట్లూ ఎందుకు ఆరిపోతాయి? అవి సమాంతరంగా ఉన్నాయన్నారు కదా?” అని అడిగాడు. ఆ ప్రశ్న ఏ కొమ్మమీదా లేదు. వాడి యాప్‌లోనూ లేదు.

జవాబు నేను చెప్పలేదు. కాగితం, పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టాను. కాసేపటికి వాడే గీసి చూపించాడు: దీపాలు ఒకదానికొకటి సమాంతరం, ఫ్యూజు మాత్రం వాటన్నిటికీ శ్రేణిలో. రెండు రెమ్మలు ఒకే ఇంట్లో కలిశాయి.

మీ ఇంట్లో ఆ రెమ్మలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో మీరూ గీసి చూడండి. మెయిన్ స్విచ్చు దగ్గరనుంచి మొదలుపెట్టండి. తీగలను ముట్టుకోకండి, పెన్సిలు చాలు.